ఇటలీ నాడె

భివండీలో శుక్రవారం కరెంటుకు సెలవు. కరెంటుకు సెలవైతే సాంచలకు సెలవు. సాంచలంటే పవర్‌లూములు. మిగతా రోజుల్లో వాటి చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి ఊళ్ళో జనం సామరస్యంగా బతుకుతుంటారు. శుక్రవారం నాడే అందరికీ అన్నీ వినబడతాయి. ఊళ్ళో గొడవలన్నీ ఆ రోజే పుట్టడానికి కారణం అదే.

అలాంటి ఒక శ్రావణ శుక్రవారం పొద్దున, అదే ఊళ్ళోని నాగావ్‌లో సిద్ధిరాములు సేటు కొడుకు స్వప్నిల్ ఎవరూ లేపకుండానే లేచి, ఎవరూ చెప్పకుండానే స్నానం చేసి, తండ్రి ఎదురుగా కూర్చుని బుద్ధిగా చాయ్ తాగాడు. పెళ్ళీడుకొచ్చిన కొడుకు ఇంత బుద్ధిగా ఉండటం చూసి సిద్ధిరాములుకు అనుమానం వచ్చింది.

"ఏడికిరా పొద్దుగాల్నే?"

"కల్యాణ్ పోతున్న బాపూ. నూలు సూసి రావాలె. యోగేష్ గూడ వస్తుండు."

"వాళ్ళది స్టీలు గిన్నెల దుకాణమాయె. వానికి నూలుతోని ఏం పని?"

"బండి వానిది బాపూ."

సిద్ధిరాములు గోడ మేకుకు వేలాడుతున్న షెడ్డు తాళాల గుత్తిని ఒకసారి చూశాడు. స్వప్నిల్ కూడా దాన్నే చూశాడు. సోమవారం నూలు పున్నమి. పద్మశాలీలంతా కొత్త జంధ్యాలు వేసుకునే రోజు. ఆ రోజు తాళాల గుత్తి కొడుకు చేతిలో పెట్టి షెడ్డు అప్పజెబుతానని సిద్ధిరాములు నలుగురిలో మాట ఇచ్చాడు. షరతు ఒక్కటే. అంతదాకా స్వప్నిల్ ఏ పిచ్చి పనీ చెయ్యకూడదు, ఒక్క అబద్ధమూ ఆడకూడదు. ఆడినట్టు తెలిస్తే షోలాపూర్ నుంచి అల్లుణ్ణి రప్పించి గల్లా ముందు కూర్చోబెడతాడు. సిద్ధిరాములుకు అబద్ధమంటే ఒళ్ళు మంట. ఆ అల్లుడంటే స్వప్నిల్‌కు ఒళ్ళు మంట. చుట్టపు చూపుగా వచ్చి బామ్మర్ది చేత బూట్లు పాలిష్ చేయించుకున్న బావ రేపు గల్లా ముందు కూర్చుంటే ఏం చేయిస్తాడో అని అతని భయం.

వంటింట్లోంచి తల్లి లక్ష్మవ్వ అటుకుల పళ్ళెంతో వచ్చింది.

"నిన్న ఫోన్ల స్నో, స్నో అన్కుంట మాట్లాడ్తివి గదరా. కల్యాణ్‌ల మంచి స్నో దొరికితె ఒక డబ్బా పట్కరా. మొఖానికి పూసుకునేది ఒడిసిపోయింది."

అటుకులు స్వప్నిల్ గొంతుకు అడ్డం పడ్డాయి.

"నూలు సూసెటోనికి స్నో ఎందుకే?" అన్నాడు సిద్ధిరాములు.

"దొరికితె తెస్తనవ్వా," అని స్వప్నిల్ పళ్ళెం కింద పెట్టి బయటపడ్డాడు.

అసలు సంగతి ఏమిటంటే, స్వప్నిల్ స్నేహితుడైన ఈ యోగేష్ పోయిన చలికాలం కాలేజీ మిత్రులతో మనాలీ వెళ్ళి, తిరిగి పోతున్న ఒక ఫారిన్ వాడి దగ్గర పాత స్నోబోర్డు ఒకటి కొనుక్కొచ్చాడు. మంచు కొండ మీద పాదాలు కట్టుకుని నిలబడి జారే పలక అది. వరాలా తలావ్ దగ్గర దుకాణం నడుపుకునే అతని తండ్రి వెంకటసుబ్బారావు కంట అది పడితే, దాంతోనే కొడుకును ఇంట్లోంచి బయటికి జారుస్తాడు. అందుకని ఇన్నాళ్ళూ దాన్ని దుకాణం అటక మీద గంగాళాల వెనక దాచాడు. నిన్న సాయంత్రం అటక దులిపే ప్రోగ్రాం పెట్టుకున్నారని తెలిసి, కోరాగుడ్డలో చుట్టి స్వప్నిల్ వాళ్ళ షెడ్డులో పడేసి వెళ్ళాడు.

డిసెంబరులో ఇద్దరూ మనాలీ వెళ్ళాలని ఒప్పందం. స్వప్నిల్ మంచు చూడలేదు. ఫ్రిజ్‌లో గోకి తీసిందే అతనికి తెలిసిన మంచు. వెళ్ళే ముందు ప్రాక్టీసు కావాలి కదా అని, మాల్షేజ్ ఘాట్ కొండల్లో తడి గడ్డి మీద జారుదామని యోగేష్ తేల్చాడు.

"మంచూ జారుతుంది, తడి గడ్డీ జారుతుంది. సైన్సు ఒకటే. కానీ రోడ్డు పక్కన కాదురోయ్. దారీ తెన్నూ లేని కొండెక్కి అక్కణ్ణుంచి దిగాలి. ఫారిన్‌లో అసలైనవాళ్ళు అదే చేస్తారు. సాయంత్రానికి వచ్చేస్తాం. ఎవడికీ తెలీదు."

ఎవడికీ తెలియదని అతను ఫోనులో అన్న మర్నాడే ఒకరికి తెలిసిపోయింది. స్వప్నిల్ షెడ్డు తలుపు తోసేసరికి, రాజమౌళి ఆ పలకను గుడ్డలోంచి విప్పి, దాని ముందు గొంతుకూర్చుని కొసను నిమురుతున్నాడు. రాజమౌళి ఆ షెడ్డులో అందరికంటే పాత పనివాడు. శుక్రవారం సాంచలు ఆగి ఉంటాయి కాబట్టి ఆ రోజు వచ్చి నూనె వేసిపోతాడు. స్వప్నిల్‌కు తెగిన పోగు అతకడం నేర్పింది అతనే.

రాజమౌళిది తప్పు లేదు. బట్ట నేసేటప్పుడు పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తి పేక పోసేది నాడె. మూరెడు ఉంటుంది, నున్నగా ఉంటుంది, రెండు కొసలూ సన్నబడి ఉంటాయి. ఇదీ నున్నగానే ఉంది. దీని కొసలూ సన్నబడి, కొంచెం పైకి లేచి ఉన్నాయి. అంచులకు ఉక్కు పట్టీ ఉంది. పొట్ట మీద అర్థం కాని అక్షరాలున్నాయి. మూరెడు బదులు మనిషంత ఉంది, అంతే తేడా.

"చిన్న సేటూ, గిదేంది?"

స్వప్నిల్‌కు ఏం చెప్పాలో తోచలేదు. నిజం చెబితే మధ్యాహ్నానికల్లా తండ్రికి చేరుతుంది.

"నాడెనా?" అని రాజమౌళే జవాబు కూడా అందించాడు.

"ఆఁ... నాడెనే మామా. శాంపిల్."

"గింత పెద్దదా! దీని సాంచ ఎంతుంటది?"

"పెద్దగనే ఉంటది."

"నూలు సుట్టిన కండె ఏడ పెడ్తరు? గా పట్టీలల్లనా?"

"ఆ పట్టీలల్లనే."

పాదాలు కట్టుకునే పట్టీలను రాజమౌళి మళ్ళీ తడిమి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "దీనికి మనుషులు ఎందరు కావాలె బిడ్డా?"

సరిగ్గా అప్పుడే యోగేష్ తలుపులోంచి తల పెట్టాడు. అంతకుముందు మాటలేవీ అతను వినలేదు. పలకను చూశాడు, ప్రశ్న విన్నాడు, ఉత్సాహం ఆపుకోలేకపోయాడు.

"ఒక్కడు చాలు బాబాయ్! ఒక్కడు ఎక్కితే దూసుకుపోవడమే. మిగతావాళ్ళంతా పక్కన నిలబడి చూడ్డమే!"

రాజమౌళి ముఖంలో రంగు పోయింది. పలకను తన చేత్తోనే కోరాగుడ్డలో చుట్టి, ముడివేసి, స్వప్నిల్ భుజానికి ఎత్తాడు. నూనె డబ్బా మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

బండి మీద యోగేష్ ముందు, స్వప్నిల్ వెనక. పలక స్వప్నిల్ ఒళ్ళో నిలువుగా ఉంది. గైబీ నగర్ సందుల్లోకి వచ్చేసరికి గాలికి కోరాగుడ్డ జారి పలక కొస బయటపడింది. అక్కడ చాయ్ హోటల్ ముందు లస్మయ్య నిలబడి ఉన్నాడు. లస్మయ్య, సిద్ధిరాములు ఒకే ఊరి నుంచి వచ్చి భివండీలో సాంచలు పెట్టినవాళ్ళు. సిద్ధిరాములు ఫ్రిజ్ కొంటే లస్మయ్య పెద్ద ఫ్రిజ్ కొన్నాడు. సిద్ధిరాములు తిరుపతి వెళితే లస్మయ్య తిరుపతి వెళ్ళి, తిరుగు దారిలో శ్రీశైలం కూడా వెళ్ళాడు.

"ఆగుర్రా స్వప్నిల్! గదేంది, నాడెనా గది?"

నేతవాడి కళ్ళకు మరొకటి కనబడదు కాబోలు.

"అవు కాకా, శాంపిల్," అన్నాడు స్వప్నిల్. రెండోసారి కాబట్టి ఈసారి సులువుగానే వచ్చింది.

"యాడిది?"

వెనక ఒక టెంపో వాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. యోగేష్ బండి ముందుకు ఉరికిస్తూ అరిచాడు. "మనాలీది కాకా, మనాలీది!"

"ఇటలీదా!" అన్నాడు లస్మయ్య.

ఆ రోజుల్లో భివండీలో ఎవరి నోట విన్నా ఇటలీ సాంచల మాటే. ఫలానా సేటు తెస్తున్నాడట, ఒక్క సాంచ పది సాంచల పని చేస్తుందట అని చెప్పుకోవడమే తప్ప చూసినవాడు లేడు. లస్మయ్య చేతిలోని చాయ్ తాగకుండానే బల్ల మీద పెట్టి రిక్షా పిలిచాడు.

ఇవేవీ తెలియని మిత్రులిద్దరూ కల్యాణ్ దాటారు. కల్యాణ్ మీదుగానే వెళ్ళారు కాబట్టి పొద్దున తండ్రికి చెప్పింది సగం నిజమేనని స్వప్నిల్ మనసు సరిపెట్టుకున్నాడు. ముర్బాడ్ దాటాక కొండలు మొదలయ్యాయి. వాన వెలిసి మబ్బులు రోడ్డు మీదికే దిగి వచ్చాయి. ఎక్కడ చూసినా పచ్చదనం, ఎక్కడ విన్నా నీళ్ళ చప్పుడు. పుట్టినప్పటి నుంచి సాంచల మోత తప్ప ఎరగని చెవులకు ఆ నీళ్ళ చప్పుడు ఎంతో హాయిగా ఉంది. బండిని రోడ్డు పక్కన పెట్టి, పలకను చెరో కొసా పట్టుకుని, దారి లేని ఒక గడ్డి కొండను ఎక్కారు. సగం దూరం కాళ్ళతో ఎక్కారు, మిగతా సగం చేతులతో ఎక్కారు.

పైకి చేరాక యోగేష్ గురువు స్థానం తీసుకున్నాడు. "ముందు నేను చూపిస్తా. చూసి నేర్చుకో." పలక మీద నిలబడ్డాడు. పలక కదలకముందే కూలబడ్డాడు. లేచాడు. మళ్ళీ కూలబడ్డాడు. మూడోసారి లేవకుండా కూర్చునే పాఠం మొదలుపెట్టాడు.

"మెయిన్‌గా బ్యాలెన్స్ రా ఇది."

"మనాలీల ఎట్ల జారినవ్ మరి?"

యోగేష్ చుట్టూ చూశాడు. ఆ కొండ మీద మేకలు తప్ప సాక్షులు లేరు. "కూర్చునే జారా. ముందర గైడు తాడు పట్టుకుని లాగాడు."

"అంటె బండి మీద కూసున్నవ్. వాడు ఎద్దు లెక్క గుంజిండు."

"యార్, టెక్నిక్ నాకు తెలుసు. ప్రాక్టికల్ నువ్వు చెయ్యి."

పలకతో పాటు ఉండాల్సిన బూట్లను ఫారిన్ వాడు అమ్మలేదు. అందుకని స్వప్నిల్ షెడ్డు నుంచి తెచ్చిన నూలు తాడుతో తన పాదాలను పట్టీలకు కలిపి, మడమల చుట్టూ బిగించి కట్టుకున్నాడు. వేసింది రాజమౌళి నేర్పిన ముడి. తెగిన పోగుకు వేసే ఆ ముడి లాగినకొద్దీ బిగుస్తుంది తప్ప వీడదు. దాన్ని విప్పే పద్ధతి లేదు, కత్తిరించడమే.

స్వప్నిల్ లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు వంచాడు. పలక కదిలింది.

తర్వాత జరిగింది అతను చాలాకాలం ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాడు. గడ్డి రెండు పక్కలకూ విడిపోతోంది, గాలి చొక్కాలో దూరి వీపు మీద ఉబ్బుతోంది, కాళ్ళ కింద ఏ చప్పుడూ లేదు. అతను పడలేదు. ఒక తాను విప్పి పరిచినంత దూరం నిలువునా నిలబడి జారాడు. నవ్వుతున్నాడని కూడా అతనికి తెలియదు. రాజమౌళి అప్పుడు అక్కడ ఉండి చూస్తే, నాడె అన్న తన మాటే నిజమని ఒట్టేసేవాడు. అంత సంతోషం స్వప్నిల్‌కు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

తాను అయిపోయింది. కొండ అయిపోలేదు. పలక ఒక పేడకుప్ప మీదుగా ఎగిరి, ఒక గట్టు దాటి, వరిమడిలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళ మధ్యకు బోర్లా వచ్చి పడింది. దానికి కట్టేసి ఉన్న స్వప్నిల్ కూడా వచ్చి పడ్డాడు. ఆడవాళ్ళు ముందు కెవ్వున అరిచారు. తర్వాత ఊపిరాడకుండా నవ్వారు. "కత్తెర! కత్తెర!" అని స్వప్నిల్ బురదలోంచి తెలుగులో మొత్తుకుంటే, మాట అర్థం కాకపోయినా కాళ్ళు చూసి సంగతి గ్రహించిన ఒక ముసలమ్మ కొడవలి తెచ్చి తాడు ముడులు కోసింది. చదువుకున్న పిల్లాడిలా ఉన్నాడు, పాపం ఎవరో కట్టేసి దొర్లించారని మరాఠీలో జాలిపడింది కూడా.

అప్పుడే జేబులో మొబైల్ మోగింది. కొండంతా లేని సిగ్నల్ వరిమడిలో ఉంది.

"ఏడున్నవ్ రా?" సిద్ధిరాములు గొంతు.

"కల్యాణ్‌ల బాపూ."

పక్క మడిలో బర్రె ఒకటి తీరిగ్గా అరిచింది.

"గదేంది?"

"హారన్ బాపూ."

"నువ్వు నూలు సూడ పోయినవా, ఇటలీ పోయినవా? లస్మయ్య వచ్చి మనింట్ల కూసున్నడు. నాకు చెప్పకుంట ఇటలీ సాంచలు తెస్తున్నవంట. పాత సాంచలన్ని తుక్కు కింద అమ్ముతవంట. ఒక్కడు చాలు, తక్కినోళ్ళు నిలవడి సూసుడే అని రాజమౌళితోని అన్నరంట. గాయిన సామాను సర్దుకుంటుండు. గాయిన పోతె ఆయన ఎనకాల అందరు పోతరు. సప్పుడు చెయ్యకుంట ఇంటికి రా."

ఫోను ఆగిపోయింది. స్వప్నిల్ బురదలోనే కూర్చుండిపోయాడు. నాడె కాదని నిజం చెబితే తాళాల గుత్తి పోతుంది, బావ వస్తాడు. చెప్పకపోతే రాజమౌళి పోతాడు. కొండ దిగి వచ్చిన యోగేష్‌కు సంగతి చెబితే అతను తల గోక్కుని, "నేనన్నది స్నోబోర్డు గురించి కదరా!" అన్నాడు.

చీకటి పడకముందే నాగావ్ చేరారు. షెడ్డు ముందు జాతరలా జనం. పనివాళ్ళందరూ ఉన్నారు, పక్క షెడ్ల వాళ్ళున్నారు. కుర్చీలో లస్మయ్య ఉన్నాడు. ఇటలీ సంగతి తనకు ముందే చెప్పి ఉంటే చెరి సగం తెచ్చుకునేవాళ్ళం కదా అని సిద్ధిరాములును నిష్ఠూరమాడుతున్నాడు. సిద్ధిరాములు ఏమీ తెలియకపోయినా తెలిసినట్టే గంభీరంగా కూర్చున్నాడు. పొద్దుటి నుంచి పక్క షెడ్ల సేట్లు వచ్చి నమస్కారం పెట్టి పోతుంటే, కోపంలో కూడా ఆయనకు కొంచెం బాగానే ఉంది.

నెత్తి నుంచి కాలిదాకా బురదతో, పలక మోసుకుంటూ స్వప్నిల్ దిగేసరికి జనం దారి ఇచ్చారు. లస్మయ్య లేచి వచ్చి పలకకు రెండు చేతులా దండం పెట్టాడు.

రాజమౌళి పెట్టె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. జేబులోంచి చిన్న కత్తెర తీశాడు. పనిలో చేరిన రోజున సిద్ధిరాములు ఇచ్చిన కత్తెర అది. దాన్ని కళ్ళకద్దుకుని గుమ్మం పక్కనున్న గల్లా మీద పెట్టాడు.

"వస్త సేటూ. మీ ఉప్పు తిన్న. నిలవడి సూసేటందుకు మాత్రం నేనుండ."

అది చూసి స్వప్నిల్‌కు తాళాల గుత్తి, బావ, పున్నమి ఏవీ గుర్తు రాలేదు.

"ఆగు మామా! అది నాడె గాదు. ఇటలీ గాదు. ఏ సాంచలు వస్తలేవు. అది ఆట పలక. గుట్ట మీదికెల్లి జారేటందుకు. నేను కల్యాణ్ పోలే బాపూ, మాల్షేజ్ పోయిన. అబద్ధం చెప్పిన."

అంత కష్టపడి చెప్పిన నిజానికి ఏదో ఒక ఫలితం ఉంటుందని స్వప్నిల్ ఎదురుచూశాడు. లస్మయ్య పగలబడి నవ్వాడు.

"సిద్ధిరాములూ, నీ కొడుకు ఉషారు! గుట్టు బయట పెట్టద్దని కంపెనోళ్ళు చెప్పి ఉంటరు."

"ఆటదైతే పొద్దుగాల నాడె అని ఎందుకన్నవ్ బిడ్డా?" అన్నాడు రాజమౌళి.

"నువ్వన్నవ్ మామా. నేను ఊఁ అన్న."

"ఒక్కడు చాలు అన్నది?"

"ఎక్కి జారేటందుకు ఒక్కడు చాలు అన్నడు."

"దీని మీద మనిషి నిలవడి జారుతడా?" అన్నాడు సిద్ధిరాములు మొదటిసారి నోరు విప్పి. "ఎవలకు చెప్తున్నవ్ రా?"

స్వప్నిల్ పలక తీసుకుని షెడ్డు పక్క మెట్లెక్కి మేడ మీది గోదాముకు వెళ్ళాడు. తాన్ల మూటలను కిందికి జార్చడానికి గోదాము గుమ్మం నుంచి వాకిట్లోకి ఏటవాలుగా వేసిన చెక్కల బాట ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి మూటలు రుద్దుకుని అది అద్దంలా నున్నగా ఉంది. దాని చివర, రేకుల చూరు కింద, పరుపుల వాడు వచ్చి ఎత్తుకుపోయేదాకా పోగేసిన కుప్ప ఉంది. సాంచల కింద రాలిన నూగు, తెగిన పోగులు, దూది. తెల్లగా, మనిషెత్తున.

స్వప్నిల్ పాదాలు పట్టీలకు కట్టుకున్నాడు. అదే ముడి వేశాడు.

"దిగరా! కాళ్ళిరుగుతయ్!" అని లక్ష్మవ్వ అరుస్తూనే ఉంది. యోగేష్ మాత్రం, "మోకాళ్ళు వంచు! మోకాళ్ళు!" అని కింద నుంచి టెక్నిక్ అందించాడు.

జనం కళ్ళ ముందు పలక సర్రున దిగింది. స్వప్నిల్ నిలబడే ఉన్నాడు. లస్మయ్య పక్కకు దూకాడు, ఆయన కుర్చీ మాత్రం దూకలేకపోయింది. కుర్చీని ఎగరగొట్టి పలకా స్వప్నిల్ కలిసి తెల్లకుప్పలోకి దూరిపోయారు. నూగు ఆకాశానికి లేచింది. ఆ తర్వాత చాలాసేపు అందరి మీదా మెల్లగా రాలుతూనే ఉంది. గాలి లేని ఆ సాయంత్రం నాగావ్‌లో అచ్చంగా మంచు కురిసింది. యోగేష్ నోరు తెరుచుకుని, "ఇదేరా మనాలీ!" అన్నాడు.

కుప్పలోంచి గొంతు ఒక్కటే వినబడింది. "మామా! కత్తెర!"

రాజమౌళి పెట్టె జారవిడిచాడు. గల్లా మీది కత్తెర అందుకుని కుప్పలోకి దూకి, కాళ్ళు వెతికి, ముళ్ళు కత్తిరించాడు. ముళ్ళను వెలుతురులో పెట్టి చూసి, "ముడి మాత్రం మంచిగ ఏసినవ్ బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత కత్తెరను అలవాటుగా తన జేబులోనే వేసుకున్నాడు. అది చూసి పనివాళ్ళలో ఎవరో నవ్వారు. రాజమౌళి కూడా తన జేబు చూసుకుని నవ్వాడు. దాంతో జనమంతా నవ్వడం మొదలుపెట్టారు. ఒకరిద్దరు తామూ ఎక్కి చూస్తామని అడిగారు కూడా.

కనుబొమల దాకా తెల్లగా లేచి నిలబడ్డ కొడుకును లక్ష్మవ్వ దగ్గరికొచ్చి పరీక్షగా చూసింది. "స్నో తెమ్మంటె మొత్తం నువ్వే పూసుకుంటివి?"

ఒక్క సిద్ధిరాములు నవ్వలేదు. "నవ్వకుర్రి! నా ఇంట్ల అబద్ధమాడినోడు ఎవడైన సరే, నాకు కొడుకు గాదు. రేపు పొద్దుగాలనే షోలాపూర్‌కు ఫోన్ చేస్త. అల్లుడు వస్తడు. అబద్ధం మీద ఒక్క సాంచ గూడ నడవది, యాదివెట్టుకో!"

గల్లా మీది ఫోను మోగింది. సిద్ధిరాములు అదే కోపంతో ఎత్తాడు. ఎత్తగానే గొంతు మారిపోయింది. పెద్ద బట్టల బజారు కాల్బాదేవి నుంచి గోకుల్‌దాస్ సేటు. భివండీ బట్టను మోటు బట్ట అని చులకన చేసే పెద్ద వ్యాపారి. ఏళ్ళ తరబడి ఆయన దుకాణం మెట్లెక్కినా సిద్ధిరాములుకు ఒక్క ఆర్డరూ దొరకలేదు. మధ్యాహ్నం లస్మయ్య ఆయనకు ఫోన్ చేసి, ఇటలీ సాంచలు బిగించేదాకా సిద్ధిరాములు షెడ్డు మూతే, సరుకు ఏమైనా కావాలంటే తనకే చెప్పమని చెవిలో వేశాడట. గోకుల్‌దాస్ సేటు చెవికి ఇటలీ అన్న మాట ఒక్కటే ఎక్కింది.

"సచ్ హై క్యా సిద్ధిరామ్‌జీ? ఇటలీ?" నిజమేనా అని అడుగుతున్న ఆ గొంతు ఫోనులోంచి వాకిలంతా వినబడుతోంది.

సిద్ధిరాములు తలెత్తాడు. కుప్పలో నిటారుగా గుచ్చుకుని ఉన్న పలకను చూశాడు. రాజమౌళిని చూశాడు. నూగు దులుపుకుంటున్న లస్మయ్యను చూశాడు. కొడుకు వైపు మాత్రం చూడలేదు.

"హాఁ సేట్‌జీ. ఇటలీ. ఛోటీసీ బాత్ హై, ఆప్‌కో క్యా బతానా," అని ఇంత చిన్న సంగతి మీకేం చెప్పాలన్నట్టు వినయంగా అన్నాడు.

లస్మయ్య విరిగిన కుర్చీలోనే కూర్చుండిపోయాడు. సిద్ధిరాములు ఇంకా నాలుగుసార్లు హాఁ అని, రెండుసార్లు మెహర్బానీ అని ఫోను పెట్టేశాడు. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి కొడుకు మీదికి విసిరాడు.

"పున్నమి దాక ఎందుకు, ఇప్పుడే తీస్కో. సోమారం సేటు సూసేటందుకు వస్తడంట."

"ఏం సూస్తడు బాపూ?"

"ఇటలీ సాంచలు."

"మరి ఎవలు సూపియ్యాలె?"

"తాళాలు ఎవని దగ్గరుంటె వాడు," అని సిద్ధిరాములు కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

నూలు పున్నమి నాడు గోకుల్‌దాస్ సేటు కారు దిగేసరికి, షెడ్డు గోడకు పసుపు కుంకుమలతో, పూలదండతో మనిషంత నాడె వేలాడుతోంది. కొత్త జంధ్యం వేసుకున్న రాజమౌళి దాని ముందు అగరువత్తులు వెలిగిస్తున్నాడు. సాంచలు ఓడలో వస్తున్నాయని, నాడె ముందుగా విమానంలో వచ్చిందని స్వప్నిల్ వినయంగా చెప్పాడు. సేటు చెప్పులు విడిచి దండం పెట్టి, పాత సాంచల మీద నేసిన తానును చేత్తో నిమిరి చూసి, ఇటలీ అంటే ఇటలీయేనని ఆర్డరు రాయించి వెళ్ళాడు.

డిసెంబరులో మిత్రులిద్దరూ మనాలీ వెళ్ళారు. సొంత పలక పూజలో ఉండటం వల్ల అక్కడ అద్దెకు తీసుకున్నారు.